సూదులు నూరుకున్న అమ్మాయి

మా అత్తగారికి మతిమరుపు వచ్చి మూడేళ్ళు దాటింది. "ఈ వయసులో మరుపు రాక కొత్తగా తెలివితేటలొస్తాయా" అని మొదటి ఏడాది మేమెవ్వరం పట్టించుకోలేదు. పులుసులో ఉప్పు రెండుసార్లు పడేది. పాలవాడికి డబ్బులిచ్చి, వాడు వీధి మలుపు తిరిగేలోగా మళ్ళీ పిలిచి ఇవ్వబోయేవారు. వాడు మంచివాడు కాబట్టి సరిపోయింది. నేను మాత్రం అంత మంచిదాన్ని కాను. ఒకరోజు స్టవ్ మీద పోపు పెట్టి మర్చిపోయి, మూకుడు నల్లబడి, ఇల్లంతా పొగ కమ్మేస్తే "కావాలని చేస్తున్నారా అత్తయ్యా!" అని గట్టిగా అరిచేశాను. ఆవిడ నా మొహంలోకి చూస్తూ అలాగే నిలబడిపోయారు. ఏదో తప్పు జరిగిందని తెలుస్తోంది. ఏమిటో తెలియడం లేదు. ఆ చూపు నాకిప్పటికీ కళ్ళకి కట్టినట్టుంది. ఆవిడకి సాయంత్రానికే గుర్తు లేదు.

తరవాత డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాం. ఆయన కాగితం ఇచ్చి గడియారం బొమ్మ వెయ్యమన్నాడు. యాభై ఏళ్ళపాటు గడియారం చూసుకుని వంట చేసి, మొగుణ్ణి ఆఫీసుకీ పిల్లల్ని బడికీ పంపిన మనిషి, పన్నెండు అంకెల్నీ ఒక పక్కనే కుప్ప పోశారు. "అల్‌జైమర్స్ అమ్మా" అన్నాడాయన నాతో, చిన్న గొంతుతో.

నోరు తిరగని పేరు ఇంట్లోకి వచ్చి కూర్చుంటే ఊరుకోగలమా? ఎవరా అల్‌జైమరు, ఏమిటా కథ అని చదవడం మొదలుపెట్టాను.

1901 నవంబరులో జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్టు నగరంలో, మానసిక రోగుల ఆసుపత్రికి 51 ఏళ్ళ ఇల్లాలిని చేర్చారు. పేరు అగస్టె డెటర్. భర్త రైల్వేలో ఉద్యోగి. వంటలో తప్పులు, వస్తువులెక్కడో దాచేసి వెతుక్కోవడం, మొగుడి మీద లేనిపోని అనుమానాలు. ఆలోయిస్ అల్‌జైమర్ అనే డాక్టరు ఆవిడ ఎదురుగా కూర్చుని అడిగిన ప్రశ్నలూ ఆవిడ చెప్పిన జవాబులూ ఓపిగ్గా రాసుకున్నాడు. పేరు రాయమంటే "శ్రీమతి" అని రాసి ఆగిపోయిందట, ఆ తరవాతిది గుర్తు రాక. నాలుగున్నరేళ్ళ తరవాత, 1906 ఏప్రిల్‌లో ఆవిడ చనిపోయింది. అప్పటికి ఆయన మ్యూనిక్‌లో ఉన్నాడు. ఆవిడ మెదడును తెప్పించుకుని, పల్చటి పొరలుగా కోసి, రంగులద్ది మైక్రోస్కోపులో చూశాడు. కణాలు పోయినచోట చిక్కుపడ్డ దారాల్లాంటివి కనిపించాయి. కణాల మధ్య ఏదో గడ్డకట్టిన మచ్చలు. ఆ ఏడాది నవంబరులో డాక్టర్ల సభలో ఈ సంగతి చెబితే ఒక్కరూ ఒక్క ప్రశ్న వెయ్యలేదట! 1910లో ఆయన గురువు క్రేపెలిన్ తన పుస్తకంలో ఆ జబ్బుకి శిష్యుడి పేరు పెట్టాడు. పాపం అగస్టె కాగితాలు మాత్రం ఎక్కడో మూల పడి, 1995లో గాని దొరకలేదు.

ఇదంతా చదివాక నాకు పట్టుకున్న ప్రశ్న ఒకటే. ఆ కణాలెందుకు చచ్చిపోతాయి? అసలు నరాల కణం దేనివల్ల బతుకుతుంది? ఈ రెండో ప్రశ్నకి మొదటి జవాబు పెద్ద ప్రయోగశాలలో దొరకలేదు. ఒక పెళ్ళికాని అమ్మాయి పడగ్గదిలో దొరికింది. ఆ అమ్మాయి కథే మీకు చెప్పబోతున్నాను. మధ్యాహ్నం భోజనాలయ్యాక మా అత్తగారికీ ఇదే కథ చెబుతుంటాను. ఎన్నిసార్లు చెప్పినా ఆవిడకి కొత్తే. అంత మంచి శ్రోత ఏ పౌరాణికుడికీ దొరికి ఉండదు.

ఇటలీలో ట్యూరిన్ అని ఒక ఊరు. 1909 ఏప్రిల్ 22న అక్కడొక యూదుల ఇంట్లో కవల ఆడపిల్లలు పుట్టారు. పావోలా, రీటా. పావోలాకి తల్లిలాగే బొమ్మలు వెయ్యడం ఇష్టం. రీటాకి ఏం కావాలో రీటాకే చాలాకాలం తెలియలేదు. తండ్రి ఆదామో లెవీ ఇంజనీరు, పెద్దమనిషి. కాని ఆడపిల్లలు పెద్ద చదువులు చదివితే రేపు భార్యలుగా, తల్లులుగా వాళ్ళ బాధ్యతలకి అడ్డమని ఆయన గట్టి నమ్మకం. మన తండ్రులు, తాతలు అన్నమాటే. సముద్రాలు దాటినా తండ్రులు తండ్రులే సుమండీ!

ఇంట్లో పిల్లల్ని పెంచిన జొవాన్నా అనే ఆవిడ కేన్సరుతో చనిపోయింది. అది చూశాక డాక్టరు కావాలని రీటా నిశ్చయించుకుంది. ఇరవయ్యేళ్ళ వయసులో తండ్రి దగ్గరికెళ్ళి, నాకు భార్యగా తల్లిగా బతకడం సరిపడదు, చదువుకుంటానని చెప్పింది. ఆయన మనసులో ఒప్పుకోకపోయినా మాటతో ఒప్పుకున్నాడు. ఎనిమిది నెలల్లో లాటిను, గ్రీకు, లెక్కలు అన్నీ నేర్చుకుని వైద్య కళాశాలలో చేరింది. 1936లో పై తరగతిలో ప్యాసయింది.

"పెళ్ళయిందా ఆ పిల్లకి?" అని ఇక్కడ తప్పకుండా అడుగుతారు మా అత్తగారు.

"లేదత్తయ్యా. చేసుకోలేదు."

"అయ్యో, వాళ్ళ నాన్న ఏం చేస్తున్నాడూ!"

నాన్నగారు అప్పటికే పోయారు. అంతకన్నా పెద్ద ఉపద్రవం 1938లో వచ్చిపడింది. ముస్సోలినీ ప్రభుత్వం యూదులకి వ్యతిరేకంగా చట్టాలు చేసింది. యూనివర్సిటీలో పనిచెయ్యడానికి వీల్లేదు. బెల్జియం వెళ్ళి కొన్నాళ్ళు పనిచేసింది గాని జర్మన్ సైన్యాలు అటు వస్తాయనే భయంతో వెనక్కొచ్చింది. ఇక ఇంట్లో కూర్చోవాలి. మనమైతే ఏం చేస్తాం? ఊరగాయలు పెడతాం, అల్లికలు అల్లుతాం, రోజూ కాసేపు ఏడుస్తాం. రీటా తన పడగ్గదిలో ప్రయోగశాల పెట్టింది.

పక్క మంచం ఉన్న గదిలోనే ఒక మైక్రోస్కోపు, గుడ్లు పొదగడానికి చిన్న వెచ్చటి పెట్టె. కోడిపిండం ఎంతుంటుంది? చిక్కుడు గింజంత కూడా ఉండదు. దానికి ఆపరేషను చెయ్యాలంటే కత్తులెక్కడివి? కుట్టుపని సూదులు తీసుకుని, సన్నగా నూరి కత్తులుగా చేసుకుంది. కంటి డాక్టర్ల చిన్న కత్తెర, గడియారాలు బాగుచేసేవాళ్ళ పట్టకారు. అంతే సామాను. ఆవిడకి పాఠాలు చెప్పిన ప్రొఫెసరు జుసెప్పె లెవీ కూడా యూదుడే కాబట్టి ఆయన ఉద్యోగమూ పోయింది. అంత పెద్ద గురువుగారూ వచ్చి ఆ చిన్నగదిలో శిష్యురాలికి సహాయకుడిగా చేరాడు.

ట్యూరిన్ మీద బాంబులు పడడం మొదలయ్యాక కుటుంబమంతా కొండల్లో ఒక పల్లెటూరి ఇంటికి మారింది. ప్రయోగశాల కూడా మారింది, అందరూ కూర్చునే గదిలో ఒక మూలకి. యుద్ధకాలం, గుడ్లు దొరకవు. రీటా సైకిలెక్కి కొండకొండకీ తిరిగి రైతుల్ని బతిమాలేది. పిండం కావాలంటే పుంజుతో కలిసిన పెట్ట గుడ్లే పనికొస్తాయి. మరి పుంజు ఉందా అని అడిగితే అనుమానం రాదూ? అందుకని మా పిల్లలకండీ, అలాంటి గుడ్లయితే బలం అని చెప్పేది. ఆ లేని పిల్లల పేరు చెప్పి తెచ్చిన గుడ్లలోంచి పిండం తీసి పరీక్ష చేశాక మిగిలింది అట్టుగా పోసుకుని ఇంటిల్లిపాదీ తినేవారు. ఒకరోజు అన్నగారు జీనో ఆ తతంగం కళ్ళారా చూశాడు. అప్పట్నించి ఆ అట్టు ముట్టుకోలేదట.

మా ఇంట్లో గుడ్డు పేరెత్తితే గంగాజలం చల్లుకునేవారు మా అత్తగారు, జబ్బు రాకముందు. ఇప్పుడు మాత్రం "పోన్లే, ఆకలితో ఉన్నవాళ్ళు, ఏం చేస్తారు" అంటారు. మరుపు కొన్ని నిష్ఠలు కూడా పట్టుకుపోతుందని నాకప్పుడే తెలిసింది.

సరే, ఇంత పాట్లు పడి ఆవిడ చూసిందేమిటి? అమెరికాలో విక్టర్ హాంబర్గర్ అనే ఆయన 1934లో ఒక వ్యాసం రాశాడు. కోడిపిండంలో రెక్క మొలవబోయే మొగ్గని తీసేస్తే, ఆ రెక్కకి వెళ్ళాల్సిన నరాల ముడి చిన్నదైపోతుందని. రెక్క లేదు కాబట్టి ఆ కణాలు తయారు కానే కావని ఆయన అనుకున్నాడు. రీటా గంటగంటకీ కోసి చూసింది. అలా కాదు. కణాలు మామూలుగానే పుడుతున్నాయి, పెరుగుతున్నాయి, రెక్క ఉండాల్సిన వేపు చెయ్యి చాస్తున్నాయి. అక్కడ అందుకునేవాళ్ళెవ్వరూ లేరు. అప్పుడు చచ్చిపోతున్నాయి. అంటే నరాల కణం తనంతట తాను బతకదు. అది చేరుకోవలసిన చోటినుంచి ఏదో అందాలి. అది అందినన్నాళ్ళే బతుకు. యూదుల పేరుతో ఇటలీ పత్రికలు వెయ్యవు కనక ఆ వ్యాసం బెల్జియం పత్రికలో అచ్చయింది.

1943లో జర్మన్లు ఇటలీని ఆక్రమించారు. కుటుంబం ఫ్లోరెన్సు పారిపోయి యుద్ధం అయ్యేదాకా రహస్యంగా తలదాచుకుంది. 1944లో ఆ ఊరికి విముక్తి వచ్చాక రీటా శరణార్థుల శిబిరంలో డాక్టరుగా పనిచేసింది. టైఫాయిడుతో రోజూ మనుషులు పోయేవారు. ఆ బాధ చూడలేక, తను రోగుల మధ్య ఉండలేనని తెలుసుకుని మళ్ళీ మైక్రోస్కోపు దగ్గరికే వెళ్ళిపోయింది.

ఎవరి అభిప్రాయాన్నయితే కాదని రుజువు చేసిందో ఆ హాంబర్గరే 1947లో ఆవిణ్ణి అమెరికాలోని సెయింట్ లూయీ నగరానికి పిలిచాడు. ఎంత పెద్దమనసో చూడండి. పదినెలలుండి వద్దామని వెళ్ళి ఆవిడ ముప్ఫై ఏళ్ళు ఉండిపోయింది. ఎలుకలకి వచ్చే ఒక రకం కేన్సరు గడ్డని కోడిపిండంలో పెడితే దానివేపు నరాలు వెర్రిగా పెరుగుతున్నాయని అక్కడ తెలిసింది. 1952లో గడ్డలున్న రెండు ఎలుకల్ని వెంటబెట్టుకుని విమానమెక్కి బ్రెజిల్ దేశం వెళ్ళింది. గాజుపాత్రలో కణాల్ని పెంచే విద్య అక్కడొక స్నేహితురాలికి వచ్చు. నరాల ముడి ముక్క పక్కన గడ్డ ముక్క పెట్టింది. ఒక రోజు గడిచేసరికి ముడి చుట్టూ నరాల పోగులు సూర్యకిరణాల్లా విచ్చుకున్నాయి.

ఆ పదార్థమేదో తేల్చడానికి 1953లో స్టాన్లీ కోహెన్ అనే రసాయన శాస్త్రవేత్త వచ్చి చేరాడు. అది మాంసకృత్తా మరొకటా అని తేల్చుకోవడానికి పాము విషం కలిపి చూశాడు. తీరా చూస్తే ఆ విషంలోనే అసలు పదార్థం గడ్డలో కన్నా ఎన్నో రెట్లు ఉంది! పాముకి విషం తయారయ్యే గ్రంథి మనకి లాలాజలం ఊరే గ్రంథి లాంటిదే కదా అని ఆలోచించి మగ ఎలుకల లాలాజల గ్రంథుల్లో వెతికితే అక్కడా పుష్కలంగా దొరికింది. అది మాంసకృత్తే, అంటే ప్రోటీనే. నెర్వ్ గ్రోత్ ఫ్యాక్టర్ అని పేరు పెట్టారు, పొట్టిగా ఎన్.జి.ఎఫ్. దానికి విరుగుడు తయారుచేసి ఎలుకపిల్లలకి ఎక్కిస్తే ఒక జాతి నరాల ముళ్ళన్నీ దాదాపు కనిపించకుండా పోయాయి. ఆ ప్రోటీను లేకపోతే ఆ కణాలు లేవన్నమాట. 1986లో ఇద్దరికీ నోబెల్ బహుమానం వచ్చింది. హాంబర్గరుకి రాలేదు. అది అన్యాయమని అప్పుడు చాలామంది అన్నారు. నాకూ అలాగే అనిపిస్తుంది.

ఇక మా ఇంటి సంగతికి వస్తాను. మెదడు అడుగుభాగంలో, ముందువేపు ఒక కణాల గుంపు ఉంది. జ్ఞాపకాలకీ శ్రద్ధకీ కావలసిన ఆసిటైల్‌కోలిన్ అనే పదార్థాన్ని మెదడంతా సరఫరా చేసేది అదే. అల్‌జైమర్స్ జబ్బులో ఆ గుంపు బాగా తరిగిపోతుందని 1982లో అమెరికాలో తేల్చారు. ఆ కణాలకి ప్రాణాధారం ఏమిటనుకున్నారు? మన రీటా ప్రోటీనే. మెదడు పైపొరల్లో తయారై, ఆ కణాల పొడుగాటి చేతుల వెంట వెనక్కి ప్రయాణం చేసి, కణం నడిబొడ్డుకి చేరుతుంది. చేరితే కణం నిండుగా ఉంటుంది. చేరకపోతే కుదించుకుపోతుంది.

1987లో స్వీడన్, అమెరికా శాస్త్రవేత్తలు కలిసి, దారి మర్చిపోయే ముసలి ఎలుకల మెదడులోకి నాలుగు వారాలపాటు ఎన్.జి.ఎఫ్. ఎక్కించారు. కుదించుకుపోయిన కణాలు మళ్ళీ ఒళ్ళు చేశాయి, ఎలుకలు దారి కాస్త బాగా గుర్తుపెట్టుకున్నాయి. ఇది చదివినరోజు నేను పుస్తకం మూసి గబగబా మా అత్తగారి గదిలోకి వెళ్ళాను. ఆవిడ పమిట కొంగుని మడతపెడుతూ, విప్పుతూ కూర్చున్నారు. ఏ దేశంలో, ఏ ఆసుపత్రిలో ఇది ఇస్తారో ఆ క్షణంలో తెలిస్తే గాజులమ్మేసి టిక్కెట్టు కొనేదాన్ని.

మిగతాది చదివాక మళ్ళీ కూర్చుండిపోయాను. ఈ ప్రోటీను పెద్దది. నోటితో మింగితే అరిగిపోతుంది, రక్తంలోకి ఎక్కిస్తే మెదడు గడప దాటదు. స్వీడన్‌లో ముగ్గురు రోగులకి సన్నటి గొట్టంతో మెదడులోకే ఎక్కించి చూశారు. నొప్పిని మోసే నరాలక్కూడా అదే ఆహారం కాబట్టి భరించలేని వెన్నునొప్పి వచ్చింది, మనిషి బరువు తగ్గిపోయింది. ఆపేశారు. 2001లో కాలిఫోర్నియాలో ఇంకో దారి తొక్కారు. రోగి చర్మకణాలకే ఎన్.జి.ఎఫ్. తయారుచెయ్యడం నేర్పి, వాటిని మెదడులో నాటారు. ఎనిమిదిమందికి చేస్తే, ఆపరేషను టేబుల్ మీద కదలడంతో ఇద్దరికి రక్తస్రావమై, ఒకరు ప్రాణం పోగొట్టుకున్నారు. మిగిలినవాళ్ళలో జబ్బు కాస్త నెమ్మదించినట్టు కనిపించింది. అలాంటి చికిత్స చేయించుకున్నవారు తరవాత తరవాత చనిపోయినప్పుడు చూస్తే, ముసలి కణాలు ఆ ప్రోటీను వేపు కొత్త పోగులు చాచి ఉన్నాయి. అంత జబ్బులో ఉన్న కణం కూడా చెయ్యి చాస్తుందన్నమాట! కాని 49 మంది మీద పద్ధతిగా చేసిన పరీక్ష ఫలితాలు 2018లో వచ్చేసరికి, మందు వేసినవాళ్ళకీ వెయ్యనివాళ్ళకీ తేడా లేదు. తరవాత మెదళ్ళు పరీక్షిస్తే, చేర్చిన ప్రోటీను చేరాల్సిన కణాల దాకా వెళ్ళనేలేదని తెలిసింది.

అసలు జబ్బులో కూడా జరిగేది అలాంటిదే. ఆ ప్రోటీను తయారీ ఆగిపోదు. పచ్చి సరుకుగా మెదడులో పేరుకుపోతుంది. దాన్ని పక్వం చేసేవీ, కణం గుమ్మంలో అందుకునేవీ తగ్గిపోతాయి. ఇంటినిండా బియ్యం ఉండి, వండి వడ్డించే చెయ్యి లేకపోవడమన్నమాట. ఇది కాక అల్‌జైమరు చూసిన మచ్చలూ, చిక్కుదారాలూ వేరే ఉన్నాయి. ఈ జబ్బుకి ఒక్క దొంగే లేడు, ముఠా ఉంది.

మా డాక్టరు రాసిచ్చిన మాత్ర, ఉన్న ఆసిటైల్‌కోలిన్ తొందరగా కరిగిపోకుండా ఆపుతుంది. కణాన్ని బతికించే పని దానివల్ల కాదు. ఆ సంగతి ఆయన దాచలేదు. ఎన్.జి.ఎఫ్. మందుగా మారింది గాని మెదడుకి కాదు, కంటికి. నరాలు దెబ్బతిని కంటి నల్లగుడ్డు పుండ్లుపడే ఒక అరుదైన జబ్బుకి చుక్కలమందుగా 2017లో యూరప్‌లోనూ, మరుసటేడు అమెరికాలోనూ అనుమతి వచ్చింది.

అప్పటికి రీటా లేదు. 2001లో ఇటలీ అధ్యక్షుడు ఆవిణ్ణి జీవితకాలం సెనేటరుగా గౌరవించాడు. చక్కగా జుట్టు దువ్వుకుని, నగలు పెట్టుకుని సభకి వెళ్ళేది. నోబెల్ అందుకున్నవాళ్ళలో నూరేళ్ళు నిండిన మొదటి మనిషి ఆవిడే. 2012 డిసెంబరు 30న, 103 ఏళ్ళ వయసులో రోమ్‌లో కన్నుమూసింది. బుర్ర చివరిదాకా చురుగ్గానే ఉంది.

ఆ నూరేళ్ళ బుర్రనీ మా అత్తగారి ఎనభై ఏళ్ళ బుర్రనీ పక్కపక్కన పెట్టుకుని దేవుడితో కొన్నాళ్ళు పోట్లాడాను. ఇప్పుడు మానేశాను. అయితే ఒక్కటి మారింది. పోపు మాడినా, ఉప్పెక్కువైనా నేను అరవడం లేదు. ఆవిడ కావాలని చెయ్యడం లేదని పుస్తకం చదివి గాని నాకు తెలియలేదు. మనిషిని చూసి తెలుసుకోవలసింది.

మొన్న శుక్రవారం పక్కింటి కామేశ్వరమ్మగారు పేరంటానికి పిలవడానికొచ్చారు. మడిగట్టుకుని మంచినీళ్ళు తాగే మనిషి. నేను వరండాలో కూర్చుని జాకెట్టుకి హుక్కులు కుడుతున్నాను. మా అత్తగారు కొన్ని నెలలుగా నా పేరు మర్చిపోయారు. నా చేతిలో సూదివేపు చాలాసేపు చూశారు. మొహం వెలిగింది.

"ఏమ్మాయ్, గుడ్లు దొరికాయా ఇవాళ?" అన్నారు.

కామేశ్వరమ్మగారి చేతిలో కుంకుమభరిణె ఆగిపోయింది.

"దొరికాయత్తయ్యా" అన్నాను నేను.